కొత్త కారంటూ టెస్ట్ డ్రైవ్‌లకి తిప్పిన డెమో బండి అంటగట్టబోయారు.. వైజాగ్‌లో ఎలక్ట్రిక్ సెడాన్ కొనేవాళ్ళు జాగ్రత్త

ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి షోరూమ్ పేరు రాయడం లేదు. వైజాగ్‌లో అరవై లక్షల ధరలో ఎలక్ట్రిక్ సెడాన్ కోసం తిరిగినవాళ్ళకి చెప్పక్కర్లేదు కూడా. మొన్న శుక్రవారం జరిగింది. ఇంకా కడుపుమంట తగ్గలేదు, రాతలో తప్పులుంటే సర్దుకోండి.

ముందు సంగతులు గబగబా చెప్పేస్తా. కొనాలా వద్దా అని ఆరు నెలలు ఊగిసలాడా. పెట్రోలు లగ్జరీ కారుకి జీఎస్టీ 40 శాతం, ఎలక్ట్రిక్‌కి 5 శాతమే. నా తిరుగుడంతా ఇంటికీ పోర్టుకీ, మహా అయితే నెలకోసారి విజయవాడ. కంపెనీ చెప్పే రేంజిలో హైవే స్పీడుకీ ఏసీకీ పోయింది పోగా మిగిలేది నాకు చాలు. సెల్లార్‌లో చార్జర్ పెట్టుకుంటానంటే అసోసియేషన్‌ని ఒప్పించడానికే రెండు మీటింగులు పట్టాయి. కరెంటు కంపెనీ ఈపీడీసీఎల్‌లో లోడ్ పెంచుకుని, మీటర్ బోర్డు నుంచి నా పార్కింగ్ దాకా కేబుల్ లాగించా. రెండు లక్షలు అడ్వాన్సు కట్టా. నాలుగు లక్షలు డిస్కౌంట్ ఇచ్చారు. నేనే బేరమాడి దించానని ఇంట్లో వారం రోజులు గొప్పలు చెప్పుకున్నా. ఆ సేల్స్ కుర్రాడు అంత తేలిగ్గా ఎందుకు దిగాడో అడగాలని మాత్రం తోచలేదు.

డెలివరీ రోజు. నాన్నగారు ముందురోజే టెక్కలి నుంచి వచ్చారు. షోరూమ్ నుంచి అటునుంచటే ఆశీలుమెట్ట సంపత్ వినాయగర్ గుడికి వెళ్ళి పూజ చేయిద్దామని మా ప్లాను. మా ఆవిడ చేతిలో సంచి, అందులో కొబ్బరికాయ, పసుపు, కుంకుమ, నాలుగు చక్రాలకీ నాలుగు నిమ్మకాయలు. కారు మీద ఎర్ర శాటిన్ గుడ్డ. గుడ్డ లాగారు, చప్పట్లు కొట్టారు, ఫొటోలు తీశారు.

నాన్నగారు వంగి చక్రం సందులోంచి చూసి, "ఏట్రా, కొత్త బండికి ఈ తుప్పేటి?" అన్నారు. బ్రేక్ డిస్కులకి సముద్రపు గాలి తగిలితే రాత్రికి రాత్రే తుప్పు పడుతుంది, రెండుసార్లు బ్రేక్ నొక్కితే పోతుంది తాతగారూ అన్నాడు కుర్రాడు. అది నిజమే. ఆ రోజు వాడు చెప్పిన నిజం అదొక్కటే.

మావాడు ఇంటర్ చదువుతున్నాడు. ముందు సీట్లో కూర్చుని స్క్రీన్‌కి తన ఫోన్ కలిపాడు. బ్లూటూత్ లిస్టులో వాడిది ఎనిమిదో ఫోను. "నాన్నా, మనకంటే ముందు ఇందులో ఏడుగురున్నారు" అన్నాడు. నావిగేషన్ తెరిస్తే వెళ్ళొచ్చిన చోట్లు వరసగా కనబడ్డాయి: రుషికొండ, భీమిలి, యారాడ, మళ్ళీ రుషికొండ, అరకు. నా కొత్త కారు నన్ను వదిలేసి అరకు కూడా చూసొచ్చింది! ఓడోమీటర్ 1,312 దగ్గర ఉంది.

అడిగితే, "యార్డు నుంచి నడుపుకుంటూ తెచ్చాం సార్" అన్నాడు. వైజాగ్ నుంచి హైదరాబాద్ వెళ్ళి తిరిగొచ్చినా ఇంచుమించు అంతే అవుతుంది. మీ యార్డు ఎక్కడ బాబూ అంటే నవ్వాడు. ఈలోగా మావాడు దిగి టైరు మీద అంకెలు చదివాడు, 1824. అంటే 2024లో 18వ వారంలో తయారైన టైరు.

మేనేజరు వచ్చాడు. నా మొహం చూడలేదు, మా ఆవిడ చేతిలో సంచి చూశాడు. "మేడమ్, ముహూర్తం దాటిపోతుందేమో" అన్నాడు. తర్వాత నా భుజం మీద చెయ్యేసి, పక్కవాళ్ళకి వినపడేంత మెల్లగా, "సార్, అరవై లక్షల కారు కొనేవాళ్ళు వెయ్యి కిలోమీటర్లు లెక్కపెట్టరు" అన్నాడు.

నేనేమన్నానో తెలుసా? ఏమీ అనలేదు. సిగ్గేసింది. మోసం చేసినవాడు దర్జాగా నిలబడ్డాడు, పిసినారిలా కనబడతానేమోనని నేను నీళ్ళు నమిలాను. డెలివరీ కాగితం ముందుకి తోసి చేతిలో పెన్ను పెట్టాడు. పెన్ను తీసుకున్నాను కూడా. "సంతకం ఎట్టకు" అని నాన్నగారు గట్టిగా అనబట్టి ఆగాను గానీ, లేకపోతే ఆ బండి ఇప్పుడు నా సెల్లార్‌లో ఉండేది.

నా పని ఏంటో చెప్తే మీరు ఇంకా నవ్వుతారు. పోర్టులో క్లియరింగ్ ఏజెంటుని. కంటైనర్ నంబరంటే నాలుగు అక్షరాలు, ఏడు అంకెలు. ఒక్క అంకె తేడా ఉంటే కాగితాలు వెనక్కి పంపిస్తా. ఇరవై ఏళ్ళుగా ఇదే పని. అలాంటివాణ్ణి అరవై లక్షల సరుకు తీసుకుంటూ 17 అక్షరాల ఛాసిస్ నంబరు ముందుగా అడగలేదు. వాళ్ళ కాఫీ బాగుందని రెండుసార్లు తాగాను.

క్యాన్సిల్ అనగానే ఆ కాఫీ కూడా ఆగిపోయింది. బుకింగ్ ఫారం వెనక చీమతలంత అక్షరాల్లో ఉంది: స్టాకును బట్టి కారు కేటాయిస్తారట, రద్దు చేసుకుంటే యాభై వేలు కోత అట. కింద నా సంతకమే. పాత బండి వాళ్ళు తెచ్చినా, రద్దు చేసుకుంది మాత్రం నేనేనట! లక్షన్నర వెనక్కి వచ్చింది. కేబుల్ ఖర్చు అడగొద్దు, మా ఆవిడ రోజూ అడుగుతోంది.

నిజం చెప్పాలంటే చెడ్డ కారేం కాదు. డెమో బండని ముందే చెప్పి ఇంకాస్త తగ్గించి ఉంటే బహుశా తీసుకునేవాణ్ణి. ఎంతమంది ఎలా చార్జ్ చేశారో, నిండా చార్జింగ్‌తో ఎన్నాళ్ళు ఎండలో పడి ఉందో కనీసం అడిగి తెలుసుకునేవాణ్ణి. బండి ఖరీదులో పెద్ద ముక్క ఆ బ్యాటరీయే కదా.

కొనేవాళ్ళకి రెండు ముక్కలు. పూర్తి డబ్బు కట్టకముందే ఛాసిస్ నంబరు, తయారైన నెల కాగితం మీద రాయించుకోండి. ఫారం 21లో, అంటే షోరూమ్ ఇచ్చే అమ్మకపు సర్టిఫికెట్‌లో తయారీ నెల, సంవత్సరం ఉంటాయి, రేపు మీరు అమ్ముకునేటప్పుడు కొనేవాడు చూసేది అదే. బ్యాటరీ వారంటీ ఏ తేదీ నుంచి లెక్కో కూడా రాతలో అడగండి. కారు చూసుకునే రోజు, పూజ రోజు ఒకటే పెట్టుకోకండి. గొడవైతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, నేను అక్కడే ఫిర్యాదు పెట్టా.

ఇంకోటి. నిన్న మా ఫ్రెండు అటు వెళ్తే అదే కారు మీద మళ్ళీ ఎర్ర గుడ్డ కప్పి ఉందట. ఎవరో డాక్టరుగారికి ఆదివారం డెలివరీ అని చెప్పారట. డాక్టరుగారూ, ఇది మీ కంట పడితే: బూడిద రంగు, డ్రైవర్ తలుపు లోపల స్పీకర్ పక్కన వేలెడంత గీత. లిస్టు చెరిపేసి ఉండకపోతే బ్లూటూత్ తెరిచి చూడండి, ఎనిమిదో ఫోను మావాడిది.