కరెంటు నిలవని ఊళ్ళో చౌక ఎస్‌ఎస్‌డీ

మాది పాలకొల్లు పక్కన రొయ్యల మేత కొట్టు. ల్యాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది, కరెంటు పోతే అదీ ఆరిపోయేది. పాత హార్డ్‌డిస్క్ రోజుల్లో మళ్ళీ విండోస్ లేచి ట్యాలీ తెరుచుకునేసరికి, ఖాతా చూపించమన్న రైతు టీ తాగి వచ్చేవాడు. దాని బదులు ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేకుండా చిప్పుల్లో డేటా దాచే డిస్కు) వేశాక ఆయన కళ్ళజోడు పెట్టుకునేలోపే లెక్క తెరమీద ఉంటోంది. నాకు దీనిమీద మోజు పుట్టింది అందుకే.

పాతది టకటక కొట్టుకుంటుంటే భీమవరం పట్టుకెళ్ళాను. మొత్తం క్లోన్ చేసెయ్యమంటే, అంటే ఉన్నదున్నట్టు కొత్తదాంట్లోకి దించెయ్యమంటే, "మధ్యలో ఆగిపోద్దండి, బ్యాడ్ సెక్టార్లు, అంటే డిస్కులో చెడిన చోట్లు, పెరిగిపోతున్నాయి. ముందు మీకు కావాల్సిన ఫైళ్ళు లాగేద్దాం" అన్నాడు అక్కడి రిపేరు కుర్రాడు. బంగారంలాంటి సలహా. నేను కొన్న ఎస్‌ఎస్‌డీ 256 జీబీది, ఊరూపేరూ లేని కంపెనీ, అప్పట్లో పదిహేను వందల్లోపే. నా మెషీన్‌లో డిస్కు తగిలించే దారి పాత రకం సాటా 2, సెకనుకు 300 ఎంబీ దాటదు. అట్టమీద 550 అని రాసున్న ఖరీదైనది కొని ఏం చేసుకోను?

ఇక అసలు కథ. ఓ గాలివాన సాయంత్రం కరెంటు పోవడం, రావడం, మళ్ళీ పోవడం. ఆ తర్వాత బయాస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే సెటప్ తెరలో) డిస్కు పేరే లేదు. పాతది చప్పుడు చేసి మరీ చెప్పింది, ఇది చడీచప్పుడు లేకుండా మాయమైంది. సీజను బాకీలన్నీ అందులోనే! ఫోన్ చేస్తే, "బయాస్ తెరమీదే ఓ అరగంట వదిలేసి, ఆపి మళ్ళీ వెయ్యండి" అన్నాడు కుర్రాడు. నమ్మకం లేకుండానే వదిలేశాను. వచ్చింది! ఏ డేటా ఎక్కడుందో ఎస్‌ఎస్‌డీ ఓ పట్టిక రాసుకుంటుంది. రాస్తుండగా కరెంటు పోతే అది చెడొచ్చు. సర్వర్లకు వాడే ఖరీదైనవాటిలో కాస్త కరెంటు దాచుకుని ఆ క్షణాన్ని గట్టెక్కించే కెపాసిటర్లుంటాయి, మనవాటిలో ఎక్కడివి? ఊరికే కరెంటు ఇచ్చి వదిలేస్తే ఒక్కోసారి తనే సర్దుకుంటుంది. ఒక్కోసారే.

అంటే ఏ కరెంటు కోతల వల్ల దీన్ని మెచ్చుకున్నానో అవే దీనికి గండం. చివరికి కొత్త బ్యాటరీ వేయించాను, దాదాపు డిస్కు ఖరీదే అయింది. చౌక బేరం అక్కడితో సరి.

పెళ్ళి వీడియోల్లాంటివి ఎక్కిస్తే మొదట పరుగెత్తి, క్యాష్ (రాసేది ముందుగా పడే చిన్న వేగమైన చోటు) నిండాక ఈడ్చుకుంటూ పోతుంది. బిల్లులూ ఖాతాలూ చూసుకునే నాకు ఇది చాలు. ఫొటో స్టూడియోవాళ్ళు ఇంకాస్త పెట్టి మంచిది కొనుక్కోవడం నయం. రోజూ కొట్టు కట్టేముందు పెన్‌డ్రైవ్‌లోకి బ్యాకప్ తీసే ఓపిక లేనివాళ్ళకైతే నేను కొనమని చెప్పలేను.