విడాకుల డిక్రీ నకలు: డబ్బు తీసుకున్న ఆఫీసు, ఉచితంగా దారి చూపిన న్యాయ సేవా కేంద్రం

విశాఖపట్నంలో విడాకుల కాగితాల పని మీద తిరిగేవారికి ఉపయోగపడుతుందన్న ఆశతో, మా చెల్లెలి విడాకుల డిక్రీ (వివాహం రద్దయినట్లు కోర్టు ఇచ్చే పత్రం) నకలు కోసం మేము వాడుకున్న రెండు సేవల గురించి రాస్తున్నాను. ఒకటి నగరంలో అన్ని రకాల సర్టిఫికెట్లూ తెచ్చిపెడతామని బోర్డు పెట్టుకున్న ఒక ప్రైవేటు ఆఫీసు. దాని పేరు ఇక్కడ రాయడం లేదు. రెండోది కోర్టు ప్రాంగణంలో ఉండే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ సహాయ కేంద్రం. మొదటి దానికి ఐదు వేలు పోశాం, పని కాలేదు. రెండో దానికి పైసా ఇవ్వలేదు, పని పూర్తయింది.

మా చెల్లెలికి 2013లో పరస్పర అంగీకారంతో విడాకులు మంజూరయ్యాయి. అప్పట్లో తను చోడవరం దాటాక వచ్చే మా ఊళ్లోనే ఉండేది కాబట్టి, కేసు విశాఖ కుటుంబ న్యాయస్థానంలో కాక అటువైపు ఒక చిన్న పట్టణంలోని సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో నడిచింది. డిక్రీ కాగితాలను అమ్మ ట్రంకు పెట్టెలో పట్టుచీరల కింద దాచింది. మరుసటి ఏడాది అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చిన రోజున ఇంటి పైకప్పు రేకులు లేచిపోయి, పెట్టెతో సహా అన్నీ నానిపోయాయి. చీరలు ఆరబెట్టుకున్నాం గానీ కాగితాలు ముద్దయిపోయాయి. ఆ తరువాత పదేళ్ల వరకు వాటి అవసరం రాలేదు. నిరుడు చెల్లెలికి మళ్లీ సంబంధం కుదిరి, పెళ్లి నమోదుకు వెళ్లినప్పుడు సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో మొదట అడిగింది పాత వివాహం రద్దయినట్లు కోర్టు ఇచ్చిన డిక్రీ ధ్రువీకృత నకలు. వాదించిన వకీలుగారు అప్పటికే కాలం చేశారు. కేసు నంబరు మాలో ఎవరికీ గుర్తు లేదు.

జనన మరణాల నమోదుకు మున్సిపాలిటీ, పంచాయతీలలో రిజిస్టర్లు ఉన్నట్లే విడాకులకూ ఎక్కడో ఒక రిజిస్టరు ఉంటుందని, డబ్బు కడితే దాని నుంచి ధ్రువపత్రం ఇస్తారని మేము అనుకున్నాం. ప్రైవేటు ఆఫీసువారు కూడా అదే నమ్మకంతో మమ్మల్ని మాట్లాడనిచ్చారు. హిందూ వివాహ చట్టం ప్రకారం విడాకులు పొందినవారి విషయంలో అలాంటి ప్రత్యేక రిజిస్టరు లేదు. విడాకులకు ఉన్న ఒకే ఒక్క రికార్డు, వాటిని మంజూరు చేసిన కోర్టులోని కేసు కట్ట. నకలు కూడా ఆ కోర్టే ఇవ్వాలి. ఈ ఒక్క సంగతి ముందే తెలిసి ఉంటే మాకు ఐదు వారాలు మిగిలేవి.

ప్రైవేటు ఆఫీసువారు మొత్తం పన్నెండు వేలు అడిగి, ముందుగా ఐదు వేలు తీసుకుని, పది రోజులన్నారు. ఐదో వారంలో చేతికి ఇచ్చింది రెండు పుటల కాగితం: ఇంటర్నెట్టులో కనిపించే కేసు వివరాల పుటను అచ్చు తీసి, దాని కింద నోటరీ ముద్ర వేయించారు. సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో దానిని చూసిన ఉద్యోగి మర్యాదగానే తిరిగి ఇచ్చి, "ఇది నకలు కాదమ్మా, కోర్టు ముద్ర, కాపీయిస్టు సంతకం ఉన్నది తీసుకురండి" అన్నారు. కాపీయిస్టు అంటే కోర్టులో నకళ్లు తయారుచేసే ఉద్యోగి. ఆ ఆఫీసుకు మళ్లీ వెళ్లి అడిగితే మిగతా ఏడు వేలు కడితే "పై స్థాయిలో" ప్రయత్నిస్తామన్నారు. కేసులో పక్షకారులు కానివారికి, వారి తరఫున వకాలతు (కేసు నడిపే అధికార పత్రం) లేనివారికి నకలు కావాలంటే కోర్టు అనుమతి ఉండాలి. కాబట్టి ఆ ఏడు వేలు కట్టినా వారి చేతిలో ఉన్న పని కాదది. చెల్లెలు ఆ రోజు ఇంటికి వచ్చి, "అక్కా, పెళ్లి వద్దులే" అన్నది. అందుకే ఈ సమీక్షలో ఆ ఆఫీసు గురించి నేను మెత్తగా రాయలేకపోతున్నాను.

న్యాయ సేవల సహాయ సంఖ్య 15100కు ఫోను చేయమని మా పక్కింటి టీచరుగారు చెప్పారు. న్యాయ సేవల ప్రాధికార సంస్థల చట్టం, 1987లోని 12వ సెక్షను ప్రకారం మహిళలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీ వర్గాల వారికి, వికలాంగులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందాలి. ఇది బీదలకు మాత్రమేనని అనుకుని చాలామంది మధ్యతరగతి ఆడవాళ్లు అటువైపు వెళ్లరు. మేమూ అదే కారణంతో వెళ్లలేదు. సహాయ కేంద్రంలో కూర్చున్న న్యాయవాది ఒక తెల్ల కాగితం మీద మా వివరాలు రాసుకుని, మేము తెచ్చిన అచ్చు కాగితాన్ని చూసి, అందులో పనికొచ్చేది ఒకటి ఉందని చూపించారు. అక్షరాలు, అంకెలు కలిపి పదహారు ఉండే సీఎన్ఆర్ నంబరు, అంటే ప్రతి కేసుకూ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య. దానితోపాటు ఓ.పి. నంబరూ, అంటే ఆ కోర్టులో అర్జీకి వేసిన నంబరూ ఉంది. మేము ఐదు వేలు పోసి కొన్న కాగితంలో విలువైనది అదొక్కటే. కోర్టు కేసుల వివరాలు చూపే ఈకోర్ట్స్ సర్వీసెస్ యాప్‌లో ఎవరైనా రూపాయి ఖర్చు లేకుండా దానిని వెతుక్కోవచ్చు.

ఎలాగో కూడా ఆ న్యాయవాదే చేసి చూపించారు. రాష్ట్రం, జిల్లా, కోర్టు సముదాయం ఎంచుకుని, పక్షకారుల పేరు, కేసు వేసిన సంవత్సరం ఇవ్వాలి. ముగిసిన కేసు కాబట్టి పెండింగ్ బదులు డిస్పోజ్డ్ అన్న ఎంపికను నొక్కాలి. ఇది మరచిపోయి కేసు లేదనుకునేవారు ఎక్కువట. చెల్లెలి పేరుతో వెతికితే మొదట ఏమీ రాలేదు. మన పేర్లను ఇంగ్లీషులో ఎవరికి తోచినట్లు వారు రాస్తారు. లక్ష్మి అన్న ఒక్క పేరునే మూడు నాలుగు రకాలుగా రాయవచ్చు, ఇంటిపేరు ముందో వెనకో ఉండవచ్చు. ఆనాడు అర్జీ టైపు చేసినవారు ఆమె పేరును ఆధారులో ఉన్నట్లు రాయలేదు. మాజీ భర్త ఇంటిపేరుతో వెతికితే నిమిషంలో దొరికింది. కేసు తేదీలు, ముగిసిన విధానం అక్కడ కనిపిస్తాయి గానీ, అది చూసుకోవడానికే తప్ప ఎక్కడా రుజువుగా చెల్లదు. దాంపత్య కేసుల విచారణ వివరాలను ప్రచురించకూడదని హిందూ వివాహ చట్టం 22వ సెక్షను చెబుతోంది కనుక, తీర్పు పాఠం అలా బయట దొరకకపోవడం మన మేలుకే.

మరుసటి సోమవారం ద్వారకా బస్ స్టేషనులో తెల్లవారుజామున బస్సు ఎక్కి ఆ పట్టణానికి వెళ్లాం. కోర్టు నకళ్ల విభాగం గుమస్తాగారికి పేరు చెప్పబోతే ఆపి, "నంబరు, సంవత్సరం చెప్పండమ్మా, కట్ట ఎక్కడుందో చూస్తాను, పేరు చెబితే నేను ఎన్ని కట్టలు విప్పను?" అన్నారు. నంబరు చెప్పిన పావుగంటకు రికార్డు రూములో కట్ట ఉందని తేల్చారు. దరఖాస్తు మీద సంతకం చెల్లెలిదే ఉండాలన్నారు, నేను అక్కనైనా సరే. చెల్లెలిని వెంట తీసుకెళ్లకపోతే ఆ రోజు వృథా అయ్యేది.

నకలు దరఖాస్తులో మేము చేయబోయిన తప్పు ఒకటి ఉంది. తీర్పు, డిక్రీ రెండూ ఒకటేనని అనుకుని డిక్రీ నకలు అని మాత్రమే రాశాం. జడ్జిగారు కారణాలతో రాసేది తీర్పు. ఆ తీర్పు ప్రకారం వివాహం రద్దయిందని విడిగా తయారయ్యే పత్రం డిక్రీ. కొన్ని కార్యాలయాలు రెండూ అడుగుతాయి కాబట్టి రెండింటికీ రాయించుకోమని గుమస్తాగారే చెప్పారు. దరఖాస్తుకు కోర్టు ఫీజు స్టాంపు అంటించి ఇచ్చాక సి.ఏ. నంబరు, అంటే నకలు దరఖాస్తు నంబరు ఇస్తారు. పని అక్కడితో అయిపోయిందని ఇంటికి వచ్చేస్తే దరఖాస్తు చెడిపోతుంది. నకలుకు ఎన్ని పుటలు, ఎంత స్టాంపు కావాలో లెక్కకట్టి నోటీసు బోర్డు మీద జాబితా పెడతారు. గడువులోగా ఆ స్టాంపులు దాఖలు చేయకపోతే దరఖాస్తు కొట్టివేస్తారు. దూరం ఊళ్లనుంచి వచ్చేవారికి ఇది నిజంగా కష్టమైన పద్ధతి. ఆ బోర్డు చూడటానికే మేము మరోసారి బస్సు ఎక్కాం. పాడేరు నుంచి విశాఖకు నూరు కిలోమీటర్లు పైన ఉంటుంది. అక్కడి నుంచి కోర్టు పని మీద వచ్చే మనిషికి జాబితా చూడటానికి ఒక రోజు, స్టాంపులు కట్టడానికి ఒక రోజు, నకలు తీసుకోవడానికి ఒక రోజు పోతే ఆ వారం కూలి ఎవరిస్తారు? ఆ జాబితాను ఫోనుకు సందేశంగా పంపితే ఎంతోమందికి బోర్డు చూసే ప్రయాణం తప్పుతుంది.

దరఖాస్తు పెట్టిన తొమ్మిదో పనిదినాన నకళ్లు చేతికి వచ్చాయి. స్టాంపులకు రెండు వందలలోపే అయింది. నకలు వెనుక దరఖాస్తు పెట్టిన తేదీ, స్టాంపులు కోరిన తేదీ, దాఖలు చేసిన తేదీ, నకలు సిద్ధమైన తేదీ, ఇచ్చిన తేదీ వరుసగా రాసి ఉంటాయి. అవి ఊరికే రాసినవి కావు. అప్పీలు చేసుకోవలసినవారికి నకలు కోసం పట్టిన కాలాన్ని గడువు లెక్క నుంచి మినహాయిస్తారు. ఆ లెక్కకు ఆధారం ఈ తేదీలే. అన్నిటికన్నా నన్ను బాధించిన సంగతి సహాయ కేంద్రం న్యాయవాది తరువాత చెప్పారు: విడాకులు మంజూరు చేసిన కోర్టు డిక్రీ ప్రతిని ఇరుపక్షాలకూ ఉచితంగా ఇవ్వాలని హిందూ వివాహ చట్టం 23వ సెక్షనులోనే ఉంది. మొదటి ప్రతిని అమ్మ అలాగే తెచ్చుకుని పెట్టెలో పెట్టింది.

ఈ పని మీద తిరుగుతుండగానే మాడుగుల వైపు ఉండే మా పిన్ని కూతురు తన కాగితం కూడా చూపించమని అడిగింది. ఎనిమిదేళ్ల కిందట ఊరి పెద్దమనుషులు వంద రూపాయల స్టాంపు కాగితం మీద ఇద్దరి సంతకాలు తీసుకుని విడాకులు అయిపోయాయన్నారు. భర్త రాజమండ్రి వైపు వెళ్లి అక్కడే ఉండిపోయాడు. సహాయ కేంద్రంలో ఆ కాగితాన్ని చివరిదాకా చదివి, అది ఇద్దరూ విడిగా ఉంటున్నారనడానికి పనికొస్తుంది గానీ, దానితో వివాహం రద్దు కాలేదని ఆమెకు మెల్లగా వివరించారు. కులాచారం ప్రకారం జరిగే విడాకులను హిందూ వివాహ చట్టంలోని 29వ సెక్షను కాపాడుతుంది కానీ, అలాంటి ఆచారం తరతరాలుగా ఉందని కోర్టులో రుజువు చేయాలి. షెడ్యూల్డు తెగల వారికైతే, కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప, ఈ చట్టమే వర్తించదు. ఏజెన్సీ నుంచి వచ్చేవారు ముందుగా ఈ మాట అడగాలి.

ఆమె భయం మాత్రం వేరు. కేసు వేయాలంటే రాజమండ్రి వెళ్లి వేయాలనుకుని ఇన్నేళ్లూ ఊరుకుంది. 2003లో చేసిన సవరణ తరువాత భార్య తాను నివసించే చోటి కోర్టులోనే అర్జీ వేసుకోవచ్చు. భర్తకు ఫోను చేసి మాట్లాడితే అతనూ ఒప్పుకున్నాడు కనుక పరస్పర అంగీకార విడాకులకు ఉన్న 13బి సెక్షను కింద ఉమ్మడి అర్జీ వేశారు. దానికి ఏడాదికి తగ్గకుండా విడిగా ఉండి ఉండాలి. అర్జీ వేశాక ఆరు నెలలు ఆగి రెండోసారి ఇద్దరూ కోర్టు ముందు నిలబడి అదే మాట చెప్పాలి. చాలాకాలంగా విడిపోయి, భరణం, పిల్లల సంగతులు తేల్చుకున్న దంపతులకు ఆ ఆరు నెలలను కోర్టు తన విచక్షణతో మినహాయించవచ్చని 2017లో అమర్‌దీప్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మినహాయింపు కోరుతూ వేరే దరఖాస్తు కూడా వేశారు. శుభలేఖ, పెళ్లి ఫోటో, ఆధారు, ఊరి పెద్దల కాగితం జతచేశారు. న్యాయ సేవా సంస్థ కేటాయించిన ప్యానెల్ న్యాయవాదికి ఆమె ఫీజు ఇవ్వలేదు, ఆయన అడగలేదు.

లోక్ అదాలత్‌లో ఒక్కరోజులో విడాకులు ఇప్పిస్తామని చెప్పే మధ్యవర్తులు కొందరు తారసపడ్డారు. జాతీయ లోక్ అదాలత్‌లో దాంపత్య వివాదాలు తీసుకుంటారు గానీ విడాకులను అందులోంచి మినహాయించారు.

మా అంచనాలో సహాయ కేంద్రానికి ఐదుకు ఐదు ఇస్తాను. కోర్టు నకళ్ల విభాగంలో ఉద్యోగుల ఓర్పుకు ఐదు ఇచ్చి, ఆ నోటీసు బోర్డు పద్ధతికి రెండే ఇస్తాను. ప్రైవేటు ఆఫీసుకు ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు. ఐదు వేలూ తిరిగి ఇవ్వమని రాతపూర్వకంగా అడిగాను, జవాబు రాలేదు.

చెల్లెలి పెళ్లి నమోదయింది. నకలు అసలు ప్రతిని సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో ఉంచుకున్నందువల్ల ఇంట్లో పెట్టుకోవడానికి మరో ప్రతి కోసం మళ్లీ దరఖాస్తు పెట్టాం. మొదటిసారే రెండు ప్రతులు అడగవలసింది. ఈసారి ఆ పట్టణంలో ఉండే మా బంధువు ఒకరు రోజూ కోర్టు ముందునుంచే డ్యూటీకి వెళతారు కాబట్టి బోర్డు చూసే పని ఆయనకు అప్పగించాం. నిన్న సాయంత్రం జాబితాలో చెల్లెలి సి.ఏ. నంబరు పడిందని ఫోను చేశారు.