పాత ఫ్లయింగ్ సూట్లు: కె-2బి కొనాలా, సీడబ్ల్యూయూ-27/పీ కొనాలా?

మిలిటరీ సర్‌ప్లస్‌లో, అంటే సైన్యం వదిలించుకున్న సరుకులో, అమెరికన్ ఎయిర్‌ఫోర్స్ పైలట్ల వేసవి సూట్లు ముఖ్యంగా రెండు రకాలు కనిపిస్తాయి. 1950ల నాటి కె-2బి నూలుది, తర్వాత వచ్చిన సీడబ్ల్యూయూ-27/పీ నోమెక్స్‌ది, అంటే మంటను తట్టుకునే కృత్రిమ పోగుది. హాయి చూస్తే కె-2బికే నా ఓటు. చెమట పీలుస్తుంది, గాలి ఆడుతుంది. నోమెక్స్ ఉక్కపోతలో వీపుకు అతుక్కుంటుంది. అయినా ఎగరడానికి వేసుకునేవాళ్లు నోమెక్స్‌దే తీసుకోవాలి, కారణం మంటలు.

1958 ఒక్క ఏడాదిలోనే ప్రమాదాల్లో 116 ఎఫ్-100 సూపర్ సేబర్ యుద్ధ విమానాలు నాశనమై, 47 మంది పైలట్లు చనిపోయారు. అప్పుడు యుద్ధమేమీ లేదు. ఆ రోజుల ఇంధనం జేపీ-4, అంటే పెట్రోలు పాళ్లు కలిసిన కిరోసిన్. గడ్డకట్టే చలిలో కూడా దాని ఆవిరి అంటుకుంటుంది. ఇక మండుటెండలో ట్యాంకు పగిలితే చెప్పేదేముంది! తర్వాత వచ్చిన జేపీ-8 ఇంధనం ఆవిరి అంటుకోవాలంటే కనీసం 38 డిగ్రీల సెల్సియస్ వేడి ఉండాలి. దెబ్బకు బతికిన మనిషి మంటలోంచి బయటపడటానికి బట్ట ఇవ్వగలిగేది కొన్ని సెకన్లే. మామూలు నూలు మంట తీసేసినా కాలుతూనే ఉంటుంది. నోమెక్స్ కరగదు, మాడి ఆరిపోతుంది. ఆ గుణం పోగులోనే ఉంది కాబట్టి ఉతికినా పోదు.

లోపల నైలాన్, పాలిస్టర్ బనీన్లు మాత్రం వేయకండి, కరిగి చర్మానికి అంటుకుంటాయి. నూలువే వేసుకోవాలి. సూటు చేతులు పైకి మడవకుండా మణికట్టు దగ్గర వెల్క్రో బిగించాలి. సూటు కాస్త వదులుగా ఉండాలి, ఒంటికీ గుడ్డకూ మధ్య ఉన్న గాలి కూడా వేడిని ఆపుతుంది. గంజి పెట్టించే అలవాటు ఇక్కడ పనికిరాదు, గంజి మండుతుంది. బ్లీచ్ వద్దు. నీడనే ఆరేయండి: ఎండకు రంగుతో పాటు పోగు బలం కూడా తగ్గుతుంది. అందుకే భుజాలు వెలిసిన సూటు అలమరలో దాచుకోవడానికి సరే, ఎగరడానికి వద్దు.

నకళ్లూ బోలెడు. లేబుల్ మీద మిల్-సి-83141 అనే నంబరు చూడండి, కానీ దాన్నే నమ్మొద్దు. లోపలి కుట్టు అంచు నుంచి గుడ్డ పోగు ఒకటి లాగి, పట్టకారుతో పట్టుకుని అగ్గిపుల్ల పెట్టండి. కరిగి గట్టి పూసలా మారితే పాలిస్టర్. కాగితం కాలిన వాసనతో బూడిదైతే నూలు. నల్లగా మాడి, మంట తీయగానే ఆరితే నోమెక్స్. ముందు జిప్పు రెండు వైపులా తెరుచుకుంటుంది, కింది స్లైడర్ కూడా లాగి చూసుకోండి.