మహబూబ్‌నగర్‌లో పాత ఆటల ఫొటోలు దొరికే ఫ్రేముల షాపు: వెళ్లండి, ధర చీటీని మాత్రం నమ్మకండి

క్లాక్ టవర్ దగ్గర సందులోకి కాస్త లోపలికి పోతే వచ్చే ఈ షాపు బయటి నుంచి చూస్తే మామూలు ఫ్రేముల షాపే. ముందంతా దేవుడి పటాలు, పెళ్లి ఫొటోలు, పోయినవాళ్ల ఫొటోలకు వేసే గంధపు దండలు. వెనక గదిలో మాత్రం మూతపడ్డ స్టూడియోల నుంచి, పాత ఇళ్లు ఖాళీ చేసేటప్పుడు తూకానికి కొన్న డబ్బాల నుంచి వచ్చిన ఫొటోలు గుట్టలుగా పడి ఉంటాయి. అందులోంచి ఆటలవన్నీ ఏరి వేరే ట్రేలలో పెట్టారు ఓనర్ కాకా. ఫుట్‌బాల్, హాకీ, స్కూల్ కబడ్డీ టీములు, జాతర కుస్తీలు, అక్కడక్కడ క్రికెట్. హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్లో రోజంతా ఎండలో తిరిగినా ఆటల ఫొటోలు ఇన్ని ఒక్కచోట నాకెప్పుడూ కనపడలేదు, సరుకు వరకైతే వంక పెట్టేది లేదు.

గొడవంతా ధర దగ్గరే. కాకా లెక్క ఒక్కటే: మెరిస్తే రేటు, మరక ఉంటే తగ్గింపు. ఈ మధ్య యూట్యూబ్‌లో అమెరికా వేలాల వీడియోలు చూసి ‘మింట్ కండిషన్’ (చెక్కు చెదరకుండా కొత్తదానిలా ఉన్నది) అనే మాట కూడా నేర్చుకున్నారు, ఇప్పుడు నీటుగా ఉన్న ప్రతిదీ మింటే. అక్కడి బేస్‌బాల్ కార్డులంటే ఫ్యాక్టరీలో గుట్టలుగా అచ్చేసిన సరుకు, మూల నలిగితే ధర పడిపోవడం న్యాయమే. మన దగ్గర ఒక ఊరి టీము ఫొటో అంటే స్టూడియో ఆయన ఒక పూట తీసి, టీములో డబ్బులిచ్చినవాళ్లకు తలా ఒక ప్రింటు ఇచ్చినది. అందులో చెదలకు ఎన్ని పోయాయో, వాన కారే గోడల మీద ఎన్ని ఉబ్బిపోయాయో. దీనికీ అదే కొలబద్ద పెడితే ఎట్లా?

నేను పోయిన రోజు ఒకే ట్రేలో రెండు ఫొటోలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి 1983లో లార్డ్స్ బాల్కనీలో కపిల్‌దేవ్ కప్పు పట్టుకున్నది, ఒక్క గీత లేదు, చీటీ మీద రెండు వేలు. రెండోది హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ టీము కప్పు ముందు పెట్టుకుని కూర్చున్నది, పై మూల చిరిగింది, మధ్యలో అడ్డంగా మడత, వెనక పెన్సిల్‌తో ఉర్దూలో పేర్లు, ధర ఆరు వందలు. కపిల్ ఫొటో ఎన్ని వేల కాపీలు తిరుగుతుందో అందరికీ తెలుసు, అలాంటిది కొనేటప్పుడు కండిషన్ తప్ప చూసేదేముంది, చిన్న మచ్చ ఉన్నా వదిలేసి ఇంకోటి వెతుక్కోవచ్చు. పోలీస్ టీము సంగతి అది కాదు. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు బొంబాయి ఫుట్‌బాల్ టోర్నీ రోవర్స్ కప్ కొట్టిన టీము అది, దాన్ని తయారుచేసిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం గారే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఇండియాను నాలుగో స్థానం దాకా తీసుకెళ్లారు, 1962 ఆసియా క్రీడల్లో బంగారం గెలిపించారు. ఆ కాలం నాటి ప్రింటు, అదీ పేర్లతో సహా, మూల చిరిగిందని వదిలేస్తే ఇంకోటి ఎక్కడని వెతుకుతాం? కళ్లు మూసుకుని తీసుకున్నా, బేరం కూడా ఆడలేదు.

అట్లని కాకా “గిది ఒక్కటే ఉంది తమ్మీ, మళ్ల దొరకది” అన్నప్పుడల్లా పర్సు తీయకండి. పేరూ ఊరూ ఏడాదీ ఏదీ తెలియని ఫొటోలన్నీ ఒక్కొక్కటే ఉంటాయి. ఆ మాటకొస్తే మా మేనత్త పెళ్లి ఫొటో కూడా లోకంలో ఒక్కటే, ఎవరు కొంటారు? దొరక్కపోవడం ఒక్కటే చాలదు, దాని కోసం వెతికేవాళ్లు కూడా ఉండాలి. ఇదే షాపులో ఒక పహిల్వాన్ ఫొటో ఉంది, స్టూడియో పరదా ముందు గెలుచుకున్న వెండి కడియం పైకెత్తి నిలబడ్డాడు, భలే ఉంది, కానీ సగం మొహం చెద తినేసింది, వెనక ఒక్క అక్షరం లేదు, స్టూడియో ముద్ర కూడా లేదు. పదిహేను వందలంటే దండం పెట్టి వచ్చేశా. అదే చెద కాళ్ల దగ్గర తిని, వెనక ఏ జాతరో రాసి ఉంటే ఆ ధరకే మాట్లాడకుండా తీసుకునేవాణ్ని.

నేనైతే ఎంత పాడైంది అనేదానికంటే ఎక్కడ పాడైంది అని చూస్తాను. అంచులు, అట్ట, వెనకున్న ఖాళీ ఆకాశం పోతే పోనీ. మొహాలు, జెర్సీ, కప్పు మీది రాత పోతే మాత్రం చీటీ మీదున్న దాంట్లో నాలుగో వంతుకి అడగండి. ఇంకోటి, ఆ నష్టం ఆగిపోయిందా, ఇంకా నడుస్తోందా అనేది. మడత ఆగిపోయిన నష్టం, ఎప్పుడు పడిందో అక్కడే ఉంటుంది. మైదా జిగురుతో అట్టకు అంటించి బూజు పట్టినది అట్ల కాదు, ఇంటికి తెచ్చాక కూడా తింటూనే పోతుంది, పక్క ఫొటోలకూ పాకుతుంది, ఎంత అరుదైనా దాన్ని నా పెట్టెలో వేరే ఫొటోలతో కలిపి పెట్టను. అద్దానికి అతుక్కుపోయినదైతే పీకే ప్రయత్నం చేయొద్దు, బొమ్మ పొర అద్దంతోనే ఊడి వస్తుంది, అద్దం ఉండగానే స్కాన్ చేయించుకోండి. నల్లగా ఉన్న చోట్ల నీలి వెండి మెరుపు తేలితే కాకా దాన్ని లోపం కింద లెక్కేసి ధర తగ్గిస్తున్నారు. పాత నలుపు తెలుపు ప్రింట్లలో ఉండే వెండి ఏళ్లు గడిచాక అట్ల పైకి తేలుతుంది, నేనైతే అలాంటివే ముందు తీస్తాను. పేపర్ ఆఫీసుల ఫొటోల మీద ఎర్ర పెన్సిల్ గీతలున్నా అంతే, అవి వాడినప్పటి గుర్తులు.

కౌంటర్ మీద దొంగ నోట్లు చూసే యూవీ లైటు ఉంది, సిగ్గుపడకుండా అడగండి. 1937-38 రంజీ క్రికెట్ ఫైనల్లో హైదరాబాద్ టీము నవానగర్‌ను ఒక్క వికెట్ తేడాతో ఓడించి కప్పు గెలిచింది కదా, ‘ఆ టీముదే, అప్పటి ప్రింటే’ అని ఒకటి ఎనిమిది వేలు చెప్పారు. లైటు కింద పెడితే కాగితం నీలంగా భగ్గున వెలిగింది. ఫొటో కాగితానికి తెలుపు రావడానికి, ఈ లైటు కింద అట్ల వెలిగే రసాయనం కలపడం 1950ల నుంచి మొదలైంది, కాబట్టి అది తర్వాతెప్పుడో తీసిన ప్రింటు. వెలగనంత మాత్రాన పాతదని కూడా అనుకోకండి, ఇది కొత్తదాన్ని పట్టుకోవడానికే పనికొస్తుంది. ప్లాస్టిక్‌లా జారుతుంటే ఇంకా తర్వాతది, భూతద్దంలో చుక్కలు చుక్కలుగా కనపడితే పత్రికలోంచి కత్తిరించినది. కాకా మంచితనం ఏంటంటే కోపం తెచ్చుకోలేదు, “నాకు అమ్మినోడు గట్లనే చెప్పిండు తమ్మీ” అని చీటీ తీసేసి వెయ్యి అన్నారు. వెయ్యికి కూడా నాకు వద్దు, రంజీ పిచ్చి ఉన్నవాళ్లు గోడకి పెట్టుకోవడానికి తీసుకోవచ్చు.

సర్వీసు విషయంలో మాత్రం ఒళ్లు మండింది. ప్యాక్ చేసే ముందు కుర్రాడు తడి గుడ్డతో ఫొటో తుడవబోయాడు, చెయ్యి పట్టుకుని ఆపాల్సి వచ్చింది. దుమ్ముంటే మెత్తటి పొడి బ్రష్ చాలు. కొన్న ప్రతిదానికీ ‘లామినేషన్ ఫ్రీ’ అంటారు, పొరపాటున కూడా ఒప్పుకోవద్దు, ఆ వేడికి అతికిన ప్లాస్టిక్ మళ్లీ ఊడదు, అప్పటిదాకా బతికిన ఫొటో అక్కడితో అయిపోతుంది. వెనక గదికి రేకుల కప్పు, ఎండాకాలం పాలమూరు వేడికి ఫొటోలన్నీ చుట్టుకుపోయి ఉంటాయి, అలాంటివి చేత్తో సాపు చేసి చూపించమనకండి, పగులుతాయి.

పొద్దున పోతే గదిలో వెలుతురు బాగుంటుంది, మధ్యాహ్నం కాకా భోజనానికి వెళ్తే కుర్రాడికి ధరలు తెలియవు. ఫోన్‌పే ఉంది, బిల్లు అడిగితేనే రాస్తారు. ఐదుకి మూడున్నర ఇస్తున్నా. ఆ లామినేషన్ మిషను అమ్మేస్తే నాలుగు.