మొదటి ఫిషింగ్ కయాక్: తెడ్డుదా, పెడల్‌దా?

డాలస్ చుట్టుపక్కల గాలం పిచ్చి ఉన్న మనవాళ్లు తక్కువేం కాదు. ఒడ్డు మీంచి ఎంత దూరం విసిరినా చేపలున్న మొద్దుల దాకా ఎర చేరదని తెలిశాక మనసు కయాక్ మీదకి, అంటే ఒకరు కూర్చుని నడుపుకునే సన్నటి చిన్న పడవ మీదకి పోతుంది. తీరా కొనబోతే కొన్ని వందల డాలర్ల నుంచి మూడు వేలు దాటిన వాటి దాకా కనిపిస్తాయి.

లోపల కాళ్లు చాపి కూర్చునే సిట్-ఇన్ రకం సంగతి ముందు తేల్చేద్దాం. తేలిక, చవక. కానీ బోల్తా పడిందంటే లోపల నీళ్లు నిండుతాయి, అవి తోడితే గానీ పడవ పనికి రాదు. పడవ పైనే కూర్చునే సిట్-ఆన్-టాప్‌లో పైన పడ్డ నీళ్లు అడుగునున్న రంధ్రాల్లోంచి వాటంతటవే పోతాయి. కాస్త బరువైన మనిషి కూర్చుంటే అవే రంధ్రాల్లోంచి నీళ్లు పైకొచ్చి ప్యాంటు తడుస్తుంది, అంతే. చేపలకి వెళ్లేవాళ్లు సిట్-ఇన్ జోలికి పోకపోవడమే మంచిదంటాను.

అసలు తకరారు తెడ్డుకీ పెడల్‌కీ మధ్యే. నీళ్లలో దిగాక పెడల్‌దే పైచేయి, అందులో వాదన లేదు. డాలస్ దగ్గరి లేక్ లూయిస్‌విల్ చెరువులో వసంతకాలపు దక్షిణపు గాలి తెలిసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. ఎర విసిరి రీల్ తిప్పుతుంటే గాలి పడవని పక్కకి తోసేస్తుంది. రాడ్ (గాలం కర్ర) ఒళ్లో పెట్టి, తెడ్డు అందుకుని, నాలుగు పోట్లు వేసి, మళ్లీ రాడ్ పట్టుకునేసరికి ఎర నాచులో చిక్కుకుని ఉంటుంది. పెడల్ కయాక్‌లో కాళ్లు తొక్కుతూనే ఉంటాయి, చేతులు ఖాళీ. హోబీ కంపెనీ 1997లో తెచ్చిన మిరాజ్ డ్రైవ్ అనే పెడల్ యంత్రానికి అడుగున రెక్కలుంటాయి. ప్రొపెల్లర్ రకాలు వెనక్కి తొక్కితే వెనక్కి పోతాయి, చేప మొద్దుల్లోకి లాగుతున్నప్పుడు ఇది భలే అక్కరకొస్తుంది. అయితే లేక్ ఫోర్క్ లాంటి చెరువుల్లో నీళ్ల కింద చెట్ల మోళ్లు చాలా ఉంటాయి. కిందకి వేలాడే డ్రైవ్ వాటికి తగులుతుంది.

ఇక ఒడ్డు మీద చూడండి. లైఫ్‌టైమ్ కంపెనీ తెడ్డు కయాక్ టామరాక్ ఆంగ్లర్ 10 అడుగులు, 52 పౌండ్లు. ఒక్కరే కామ్రీ కారు మీదకి ఎక్కించుకోవచ్చు. 12 అడుగుల పెడల్ కయాక్ సరంజామాతో కలిపి 100 పౌండ్లు దాటడం మామూలే. ఇద్దరు పట్టాలి, లేదా పికప్పో ట్రైలరో ఉండాలి. తోడు వస్తానన్నవాడు శనివారం పొద్దున్నే ఫోనెత్తడు, పడవ గరాజ్‌లోనే ఉండిపోతుంది. అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్లకి అసలు పెట్టే చోటే ఉండదు. వాళ్లకి గాలి కొట్టుకునే కయాక్ ఒక దారే గానీ, తేలిగ్గా ఉంటుంది కాబట్టి గాలికి ఇంకా కొట్టుకుపోతుంది.

అందుకే నా ఓటు 10-11 అడుగుల తెడ్డు సిట్-ఆన్-టాప్‌కి, అదీ సెకండ్ హ్యాండ్‌ది. మిగిలిన డబ్బు తేలికపాటి తెడ్డుకీ ఒంటికి సరిపోయే లైఫ్ జాకెట్‌కీ పెట్టండి. పడవ మోయగల బరువు 275 పౌండ్లని రాసి ఉంటే అందులో మీరు, ఐస్ బాక్స్, సామాన్లు అన్నీ కలుస్తాయి. మూడింట రెండు వంతులు దాటకుండా చూసుకుంటే నిలకడగా ఉంటుంది. మీరే 190 పౌండ్లుంటే ఇంకాస్త వెడల్పు, పొడుగు ఉన్నది చూడండి. పికప్ ఉండి, ప్రతి వారాంతం చెరువు మీదే గడిపేవాళ్లయితే మాత్రం పెడల్‌దే కొనండి.

టెక్సస్‌లో తెడ్డుదైనా పెడల్‌దైనా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, మోటారు బిగిస్తే కావాలి. మనిషికో లైఫ్ జాకెట్ పడవలో ఉండాలి, 13 ఏళ్లలోపు పిల్లలు తొడుక్కునే ఉండాలి.

కొన్న మొదటి రోజు రాడ్ ఇంట్లోనే పెట్టి వెళ్లండి. జాకెట్ వేసుకుని, తోడు ఒకరిని ఉంచుకుని, నడుము లోతులో కావాలనే బోల్తా కొట్టించండి. పడవని మళ్లీ సరిగ్గా తిప్పి, దాని మధ్యభాగం పక్కన చేరి, అవతలి అంచు పట్టుకుని, కాళ్లు తన్నుతూ పొట్ట మీద పైకి జారండి. వెల్లకిలా తిరిగి సీట్లో కూర్చున్నాకే కాళ్లు లోపలికి తీసుకోవాలి. ఎత్తు సీటు ఉన్న పడవల్లో ఈ పని కష్టం, కొనేముందే ఒకసారి ఎక్కి చూడటం నయం.