హనుమకొండ చౌరస్తా జెర్సీ షాపు: పేరు వేసే ముందు కాంట్రాక్టు సంగతి అడుగుతారు

ఫుట్‌బాల్ జెర్సీ మీద పేరు వేయించుకోవడానికి వెళ్తే "వీని కాంట్రాక్టు జూన్‌ల అయిపోతది కద తమ్మీ, పేరు గూడ వేయమంటవా, ఉత్త నంబరు చాలా?" అని అడిగిన షాపు నాకు తెలిసి ఇదొక్కటే. హనుమకొండ చౌరస్తాలో, ఒక బట్టల దుకాణం మీద, ఇరుకు మెట్లెక్కి పైకి వెళ్లాలి. బోర్డు కూడా సరిగ్గా కనపడదు, ఆడేవాళ్లంతా జెర్సీ అన్న షాపు అనే అంటారు. ఏడాదిలో నాలుగుసార్లు వెళ్లాను, నా కోసం, మా మేనల్లుడి కోసం, మా టీమ్ కోసం. కాబట్టి మంచీ చెడూ రెండూ తెలిసే రాస్తున్నాను.

మొదటిసారి వెళ్లింది 2025 ఫిబ్రవరిలో. నాకు సలా 11 కావాలి, మా అక్క కొడుక్కి ట్రెంట్ 66 కావాలి. వాడికి పన్నెండేళ్లు, ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్బు లివర్‌పూల్ పిచ్చి వాడికి నా నుంచే అంటుకుంది. ఆ టైంలో ఆ క్లబ్బు ఆటగాళ్లు సలా, వాన్ డైక్, ట్రెంట్ అలెగ్జాండర్ ఆర్నాల్డ్ ముగ్గురి కాంట్రాక్టులూ ఒకే జూన్‌లో ముగుస్తున్నాయి, మాలాంటి వాళ్లందరికీ రోజూ అదే టెన్షన్. షాపు అన్నకు ఇదంతా తెలుసు. 1995లో బోస్మన్ అనే బెల్జియం ఆటగాడు యూరప్ కోర్టులో కేసు గెలిచిన దగ్గర్నుంచి, కాంట్రాక్టు అయిపోయిన ఆటగాడు పాత క్లబ్బుకు పైసా రాకుండానే వేరే క్లబ్బుకు వెళ్లిపోవచ్చు, ఆఖరి ఆరు నెలల్లో వేరే దేశం క్లబ్బుతో ముందే మాట్లాడుకోవచ్చు కూడా. అందుకే జనవరి దాటాక కొత్త కాంట్రాక్టు చేసుకోని ఆటగాడి పేరు ఎవరడిగినా ఈయన ఒకసారి ఆపి చెబుతాడు, తర్వాత మనిష్టం.

ఆయన అడగడానికి ఇంకో కారణం పని తీరులోనే ఉంది, అది నాకు ఇక్కడే తెలిసింది. జెర్సీ మీద ప్రింట్ రెండు రకాలు. ఒకటి సబ్లిమేషన్, కాగితం మీది రంగును వేడితో పాలిస్టర్ గుడ్డలోకే ఎక్కిస్తారు, అది ఊడదు, చేతికి తగలదు కూడా. కానీ అందులో తెల్ల రంగు ఉండదు, కాబట్టి కుట్టిన ఎర్ర జెర్సీ మీద తెల్ల అంకె ఆ పద్ధతిలో రాదు. కావాలంటే తెల్ల గుడ్డ తీసుకుని, అంకె మేర తెల్లగా వదిలి, మిగతాదంతా ఎరుపు కొట్టి, ఆ తర్వాత కుట్టాలి. ఒక్క జెర్సీ కోసం అదంతా ఎవరూ చేయరు. అందుకే రెండోది, వినైల్. అక్షరాలను మెషీన్‌తో కత్తిరించి హీట్ ప్రెస్ కింద అతికిస్తారు. చక్కగా ఉంటుంది, కానీ ఒకసారి అతికించాక తీస్తే గుడ్డ మీద గమ్ము మరక, అక్షరం ఆకారం అలాగే మిగిలిపోతాయి. ఆటగాడు జూన్‌లో వెళ్లిపోతే మన వీపు మీద ఆ పేరు ఉండిపోతుంది, తీసినా దాని నీడ ఉంటుంది. ఇంతకుముందు నేను వేరే చోట కొట్టించిన జెర్సీకి మూడో ఉతుకుకే అంకె అంచులు లేచిపోయాయి, అక్కడ నన్ను ఏ ప్రశ్నా అడగలేదు, ఎలా ఉతకాలో కూడా చెప్పలేదు. ఇక్కడ ఒకరోజు ఆగి ఉతకమన్నారు, తిరగేసి చల్లనీళ్లలోనే, ప్రింట్ మీద ఇస్త్రీ పెట్టొద్దన్నారు. ఆ మాట ప్రకారం చేశాను, నా 11 ఈరోజుకీ చెక్కుచెదరలేదు.

ఆరోజు షాపులో గంటసేపు వాదించుకున్నాం. అన్న మాట ఏంటంటే, ముప్పై దాటినోణ్ని పెద్ద జీతం పెట్టి మళ్లీ తీసుకోవద్దు, పోతే పోనీ. ఇంగ్లండ్‌లోనే ఇంకో క్లబ్బు ఆర్సెనల్‌ను చూపించాడు. 2020 సెప్టెంబరులో వాళ్ల కెప్టెన్ ఆబమయాంగ్‌తో మూడేళ్ల కొత్త కాంట్రాక్టు చేసుకున్నారు, అప్పటికి వాళ్లకు ఆయన తర్వాతే ఎవరైనా. 2021 డిసెంబరుకల్లా కెప్టెన్సీ పోయింది, 2022 ఫిబ్రవరి మొదటి రోజున ఆ కాంట్రాక్టు మధ్యలోనే తెంపుకుని ఊరికే బార్సిలోనాకు పంపాల్సొచ్చింది. నిజమే, కాదనలేను. కానీ సలా సంగతి వేరు అని నేనన్నాను, ఆ సీజన్ చివరికి లెక్క చూస్తే 38 మ్యాచ్‌ల్లో 29 గోల్స్, 18 అసిస్టులు, అంటే వేరేవాళ్ల గోల్స్‌కు ఇచ్చిన పాస్‌లు. అలాంటివాడు ఆ స్థానంలో ఇంకొకడు కావాలంటే ఎన్ని కోట్లు పెట్టాలి, పెట్టినా కుదురుకుంటాడని ఏంటి భరోసా? నేను పేరుతో సహా వేయించుకున్నాను. మా వాడిని కూడా అన్న బతిమాలినట్టే చెప్పాడు, "బిడ్డా, నంబరేయిపిచ్చుకో, పేరు జూన్ తర్వాత చూద్దాం" అని. వాడు వినలేదు. ట్రెంట్ ఆరేళ్ల వయసు నుంచీ ఆ క్లబ్బులోనే పెరిగాడు మామా, ఎక్కడికీ పోడు అన్నాడు.

ఏప్రిల్ 11న సలా సంతకం పెట్టాడు, వారం తిరక్కుండా 17న వాన్ డైక్ పెట్టాడు, ఇద్దరివీ 2027 దాకా. ఏప్రిల్ 27న టోటెన్‌హామ్‌ను 5-1తో కొట్టి లీగ్ గెలిచాం, ఇరవయ్యో టైటిల్, ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ పడుకోలేదు. మే 5న ట్రెంట్ వెళ్లిపోతున్నానని చెప్పాడు. సొంత మైదానంలో ఆర్సెనల్‌తో మ్యాచ్‌లో బరిలోకి దిగితే సొంత జనమే కోపంతో అరిచి గోల చేశారు, మా వాడు టీవీ ముందు ఆ జెర్సీ వేసుకునే కూర్చుని ఏడ్చాడు. నాకు ట్రెంట్ మీద కోపం రాలేదు, క్లబ్బు మీద వచ్చింది. ముగ్గురిలో వయసులో చిన్నవాడు ఆయనే, ఇరవై ఆరేళ్లు. కాంట్రాక్టు ఇంకా రెండేళ్లుండగానే కూర్చుని మాట్లాడాల్సింది ఎవరితోనైనా ఉంటే అది ఆయనతోనే. ముగ్గురివీ ఒకే ఏడాదికి వచ్చేదాకా ఊరుకోవడమే అసలు తప్పు, ఆఖరి ఏడాదిలోకి వచ్చాక బేరం మన చేతిలో ఉండదు. కాంట్రాక్టు అయిపోకముందే, క్లబ్ వరల్డ్ కప్‌కు ఆయన కావాలని రియల్ మాడ్రిడ్ కొంత డబ్బు కట్టింది కాబట్టి ఆ మాత్రమైనా వచ్చింది, లేకపోతే అదీ లేదు.

జెర్సీ తీసుకుని మళ్లీ షాపుకు వెళ్లాం. ప్రెస్ దగ్గరుండే మాస్టరు అక్షరాలను వేడిచేసి ఒక్కొక్కటే ఓపిగ్గా లాగాడు, మందు పెట్టి తుడిచాడు, అయినా 66 నీడ ఉండిపోయింది. దానిమీద వాన్ డైక్ నంబరు 4 వేస్తే దాగదని ముందే చెప్పాడు, వాన్ డైక్ పేరు మాత్రం పాత అక్షరాల చోటును చాలావరకు కప్పేసింది. తీసినందుకు డబ్బు తీసుకోలేదు, కొత్త అక్షరాలకే నూట యాభై. "చెప్పిన కదా" అని ఒక్కమాట కూడా అనలేదు పిల్లాడితో, దానికి నేను ఎప్పటికీ గుర్తుపెట్టుకుంటాను. ఈ షాపుకు ఐదుకు నాలుగు మార్కులు ఇస్తున్నానంటే అందులో ఒకటి ఈ సాయంత్రానిదే.

ఆ మే చివరి రోజునే పారిస్ క్లబ్బు పీఎస్‌జీ, యూరప్ క్లబ్బుల పెద్ద కప్పు ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో ఇటలీ క్లబ్బు ఇంటర్‌ను 5-0తో కొట్టింది. అంతకు ఏడాది ముందే ఎంబాపె కాంట్రాక్టు అయిపోయి ఊరికే రియల్‌కు వెళ్లిపోయాడు, ఆ క్లబ్బు చరిత్రలో అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టినవాడు. తర్వాత కలిసినప్పుడు అన్న మొదట ఎత్తింది ఇదే. పోనిస్తే ఏమైంది, కప్పే వచ్చింది కదా అన్నాడు. దీనిమీద నేను చాలా ఆలోచించాను. నాకు అర్థమైంది ఏంటంటే, ఎంబాపె వెళ్లినప్పుడు పీఎస్‌జీకి డెంబెలె ఉన్నాడు, బార్కోలా ఉన్నాడు, డూయేను తెచ్చుకున్నారు, జనవరిలో క్వారత్‌స్కేలియాను తెచ్చుకున్నారు. వెళ్లే మనిషి ఎంత గొప్పవాడు అన్నది ఒక్కటే చూడకూడదు, ఆ చోట రేపు ఎవరు నిలబడతారో పేరుతో సహా చెప్పగలిగితేనే వదలాలి. బార్సిలోనా 2021లో మెస్సీని వదిలింది ఎవరినో సిద్ధం చేసుకుని కాదు, జీతాల పరిమితి దాటి రిజిస్టర్ చేయలేక. ఆ రెండిటినీ ఒకే గాట కట్టకూడదు.

అదే రోజు తెలిసిన ఇంకో సంగతి. మా జెర్సీ బాగుచేసిన మాస్టరును హైదరాబాద్‌లో ఒక పెద్ద ప్రింటింగ్ యూనిట్ వాళ్లు పిలిచారట, వెళ్లడానికి దాదాపు సిద్ధమైపోయాడట. అన్న జీతం పెంచి, దసరాకు ఒక నెల బోనస్ ఒప్పుకుని ఆపుకున్నాడు. "క్లబ్బులకైతే పోనియ్యమంటవు, నువ్వేమో ఆపుకుంటివి" అని అడిగితే, "ఈయన పోతే ప్రెస్ మీద చెయ్యి పెట్టెటోడు ఎవడున్నడు తమ్మీ?" అన్నాడు. నేను చెప్పేదీ అదే. ఆ ప్రెస్ మీద వేడి ఎంత, ఎన్ని సెకన్లు, ఏ గుడ్డకు ఎంత బరువు అన్నది ఆయన చేతికి తెలుసు, షాపు నాణ్యత అంతా ఆయనే.

షాపులో ఒక అరలో పసుపు గుడ్డ చుట్టలు ఇంకా ఉన్నాయి. ఫుట్‌బాల్ క్లబ్బు హైదరాబాద్ ఎఫ్‌సీ రంగు. 2022 మార్చి 20న మార్గావ్‌లో కేరళ బ్లాస్టర్స్‌తో ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్, 88వ నిమిషంలో సాహిల్ తవోరా సమం చేయడం, పెనాల్టీ షూటౌట్‌లో గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపడం, ఆ వారం ఈ షాపులో పసుపు జెర్సీల కోసం కుర్రాళ్లు మెట్ల మీద నిలబడ్డారని అన్న చెబుతాడు. ఆ సీజన్‌లో ఒగ్బెచే ఒక్కడే 18 గోల్స్. తర్వాత ఆశిష్ రాయ్ వెళ్లాడు, ఆకాశ్ మిశ్రా వెళ్లాడు, ఒగ్బెచే వెళ్లాడు, కోచ్ మనోలో మార్కెజ్ ఎఫ్‌సీ గోవాకు వెళ్లాడు. కొందరిని డబ్బు తీసుకుని అమ్మారు, కొందరు ఊరికే వెళ్లారు, వెనక డబ్బు ఇబ్బందులు ఉన్నాయి కాబట్టి అందరినీ ఆపలేకపోయారన్నది నేనూ ఒప్పుకుంటాను. కానీ ఫలితం చూడండి, 2023-24లో 22 మ్యాచ్‌ల్లో ఒక్కటే గెలుపు, 8 పాయింట్లు, అట్టడుగు. 2025లో క్లబ్బే ఢిల్లీకి తరలిపోయింది. వెన్నెముక లాంటి నలుగురిలో కనీసం ఇద్దరిని ఆపుకుని ఉంటే అంత పతనం ఉండేది కాదని నా గట్టి నమ్మకం. క్రికెట్ చూసేవాళ్లకు ఈ బాధ తెలుసు, 2014 నుంచి సన్‌రైజర్స్‌కు వేసిన భువనేశ్వర్‌ను వదిలేస్తే బెంగళూరు 10.75 కోట్లకు తీసుకుంది, ఆ ఏడాదే కప్పు గెలిచింది.

సలా విషయంలో నేను పూర్తిగా గెలిచానని కూడా అనను. కొత్త సంతకం తర్వాతి సీజన్‌లో ఫామ్ పడిపోయింది, 2025 డిసెంబరులో లీడ్స్‌తో మ్యాచ్ మొత్తం బెంచీ మీదే కూర్చున్నాడు, బయటికొచ్చి క్లబ్బు మీద బాధంతా చెప్పుకున్నాడు. అది చూసి అన్న నాకు ఫోన్ చేశాడు. అయినా రెండేళ్లే ఇచ్చారు, ఆబమయాంగ్‌లా మూడేళ్లు కాదు, అది సరైన పనే. ముప్పై దాటిన వాడికి రెండేళ్ల కాంట్రాక్టే ఇవ్వాలి, ఇరవైల్లో ఉన్నవాడితో పాతది అయిపోవడానికి రెండేళ్లు ముందే మాట్లాడుకోవాలి. నేను క్లబ్బు నడిపితే ఇదే చేస్తాను.

ఇక షాపులో నచ్చనివి. సైజు చార్టు నమ్మొద్దు, ఎల్ అని ఇచ్చింది ఎం లాగే ఉంటుంది, ఒక సైజు పెద్దది చెప్పండి, పిల్లలవైతే మనిషిని తీసుకెళ్లండి. చెప్పిన రోజుకు ఇవ్వరు, కనీసం రెండు రోజులు అటూ ఇటూ అవుతుంది, టోర్నమెంట్ల సీజన్లో వారం కూడా పట్టొచ్చు, మా టీమ్ జెర్సీలు మ్యాచ్ ముందు రాత్రి చేతికొచ్చాయి, ఆ టెన్షన్ మళ్లీ వద్దు. పేర్లు నోటితో చెప్పకండి, కాగితం మీద రాసివ్వండి, మా వాళ్లలో ఒకరి పేరులో ఒక అక్షరం తప్పు పడింది, మళ్లీ ఉచితంగానే వేశారు కానీ ఆ జెర్సీకీ మరక మిగిలింది. బండి పెట్టుకోవడానికి చోటు లేదు. టీమ్‌కు పదిహేను దాటితే సబ్లిమేషన్ తీసుకోండి, ఒక్కొక్కటి మూడు వందల యాభై పడింది, ఆరు నెలలు సుబేదారి ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్ దుమ్ములో ఆడినా రంగు అలాగే ఉంది.

మా సెవెన్స్ (ఏడుగురు ఆడే ఫుట్‌బాల్) టీమ్ గోల్‌కీపర్‌ను ఈ సంక్రాంతికి కాజీపేట టీమ్ ఒకటి అడిగింది, మ్యాచ్‌కు ఇంత అని ఇస్తామన్నారు. మా దగ్గర రెండో కీపర్ లేడు, ఉన్న పిల్లాడికి ఇంకా రెండేళ్లు కావాలి. అందరం తలా కొంత వేసుకుని గ్లౌజులు కొనిచ్చాం, పరకాల నుంచి వచ్చిపోయే బస్సు చార్జీలు టీమ్ డబ్బులోంచి అన్నాం, పొద్దున పావుగంట ఆ పిల్లాడికి నేర్పించాలని కూడా మాట తీసుకున్నాం. రెండు సీజన్లు ఇక్కడే ఆడతానన్నాడు. నిన్న ఆయన కోసం ఆకుపచ్చ జెర్సీ, 1 నంబరు, ఆర్డరు ఇచ్చొచ్చాను. పేరు కూడా వేయమంటావా అని అన్న అడిగాడు, వేయమన్నాను. గురువారం ఇస్తానన్నాడు, మ్యాచ్ ఆదివారం.