‘చిన్న సెన్సర్ ప్రాబ్లమే సార్’ అన్న కారు కొని మునిగాను, మీరు జాగ్రత్త

విజయవాడ చుట్టుపక్కల సెకండ్ హ్యాండ్ కారు చూస్తున్నవాళ్లు, ముఖ్యంగా ఏపీ 16 నంబరు బండి బయటి రేటుకన్నా యాభై అరవై వేలు తక్కువకు దొరుకుతోందని సంబరపడుతున్నవాళ్లు, టోకెన్ డబ్బులు ఇచ్చేముందు ఇది చదవండి. నేను ఇచ్చాక తెలుసుకున్నాను.

మాది ఏలూరు. నాన్నగారిని నెలకు రెండుసార్లు విజయవాడ ఆస్పత్రికి తీసుకెళ్లాలి. బస్సులో అంతసేపు కూర్చోలేకపోతున్నారు. అందుకని పోయిన వేసవిలో 4 లక్షల దరిదాపుల్లో ఒక డీజిల్ కారు కోసం వెతికాను. దొరికింది 2017 మోడల్, మీటరు మీద 61 వేల కిలోమీటర్లు, పాలిష్ పెట్టి అద్దంలా ఉంది. అలాంటివి బయట 4.70 చెబుతున్నారు, ఈ డీలరు 4.10 అన్నాడు. ఎందుకు తక్కువని నేను అడగకముందే అతనే చెప్పాడు: “మీ దగ్గర దాచేదేముంది సార్, ఇంజిన్ లైటు అప్పుడప్పుడూ వెలుగుద్ది. సెన్సర్, అంతే. మూడు వేలు పెడితే అయిపోద్ది. ఏసీలో గ్యాస్ కూడా కొంచెం తక్కువుంది.”

నేను పడిపోయింది ఇక్కడే. లోపం తనంతట తనే చెప్పాడు కదా, మంచివాడే అనుకున్నాను. మూడు వేల లోపం చూపించి లక్షన్నర లోపం వైపు నన్ను చూడనివ్వలేదు.

మా బావగారు ఒక్క మాట అన్నారు. “మూడు వేలతో పోయేదైతే అతనే చేయించి 4.70కి అమ్ముకోడా?” అని. అప్పటికే 20 వేలు టోకెన్ ఇచ్చేసి ఉన్నాను. చేతిలోంచి డబ్బు వెళ్లాక మంచి మాట చెవికెక్కదు.

మేం వెళ్లేసరికి బండి స్టార్ట్ చేసి, ఏసీ వేసి ఉంచారు. మర్యాద అనుకున్నాను. డీజిల్ ఇంజిన్ సంగతి రాత్రంతా చల్లబడ్డాక మొదటిసారి తాళం తిప్పినప్పుడే తెలుస్తుంది. సెల్ఫ్ ఎంతసేపు తీసుకుంటోంది, పొగ ఏ రంగులో వస్తోంది అన్నది చూడాలి. నీలం పొగ అయితే ఇంజిన్ ఆయిల్ కాలుతున్నట్టు. వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) ఇంజిన్ లోపలికి పోతోందేమో అనుమానించాలి. బానెట్ మీద చెయ్యి పెట్టి వేడిగా ఉంటే, ‘రేపు పొద్దున వస్తాను, ముట్టుకోకుండా ఉంచండి’ అని వెనక్కి వచ్చేయండి.

పదకొండో రోజున హనుమాన్ జంక్షన్ దగ్గర వైపర్లు వాటంతట అవే తిరగడం మొదలుపెట్టాయి. ఆ తర్వాత డ్యాష్‌బోర్డులో లైట్లన్నీ ఒకేసారి వెలిగి ఆరిపోయాయి, ఇంజిన్ ఆగిపోయింది. అద్దాలు దిగవు. మే నెల మిట్టమధ్యాహ్నం, వెనక సీట్లో నాన్నగారు.

మా పేట మెకానిక్ ఇంజిన్ జోలికే పోలేదు. ముందు సీటు విప్పి కార్పెట్ ఎత్తాడు. కింద ఎండిన ఒండ్రు, ముగ్గుపిండిలా మెత్తగా. సీటు పట్టాల బోల్టులన్నీ తుప్పు. సీటు బెల్టు పూర్తిగా బయటికి లాగితే చివర జానెడు మేర బురద చార. వైరింగ్ కప్లర్లు, అంటే వైర్లు కలిసే ప్లగ్గులు, విప్పితే లోపల పచ్చగా చిలుము. “వరద బండి అన్నా ఇది” అన్నాడు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడు మునిగిన కార్లను నేనూ టీవీలో చూశాను. అవన్నీ తర్వాత ఎక్కడికి పోతాయో ఒక్కసారి కూడా అనుకోలేదు.

ఇలాంటి బండిని కడిగి ఆరబెడితే మొదట బాగానే నడుస్తుంది. చిలుము మాత్రం కప్లర్లలో మెల్లగా తింటూ పోతుంది, అందుకే ఈ రోజు ఒక లైటు, వారానికి ఇంకోటి. డీలరు అన్న ‘సెన్సర్’ పూర్తి అబద్ధం కూడా కాదు. బండిలో నమోదైన ఎర్రర్లు చదివే స్కానర్ పెడితే సెన్సర్ పేరే వస్తుంది, చెడిపోయింది దానికి వెళ్లే వైరు. సొంత మెకానిక్ చేత స్కానర్ పెట్టించేవాళ్లు ఇంకోటి కూడా చూడమనండి. పాత ఎర్రర్లు చెరిపేశాక బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చాలా బండ్లలో కనిపిస్తుంది. అది పది కిలోమీటర్లే అయితే మీరు వస్తున్నారనే చెరిపారన్నమాట.

కాగితాలు చూసుకోలేదా అంటారేమో. ఆర్‌సీ, ఫైనాన్స్, చలాన్లు అన్నీ ఆన్‌లైన్‌లో చూశాను, శుభ్రంగా ఉన్నాయి. వరద సంగతి ఆర్‌సీలో ఉండదు. నేను చూడనిది పాత ఇన్సూరెన్స్ పాలసీ. అందులో నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ తీసుకోనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, సున్నా. ఏళ్ల తరబడి క్లెయిమ్ లేని ఓనరుకి అది 50 శాతం దాకా ఉంటుంది. సున్నా అంటే క్లెయిమ్ అయినా తీసుకుని ఉండాలి, పాలసీ తెగిపోయి అయినా ఉండాలి, లేదా బండి ఈ మధ్యే చేతులు మారి ఉండాలి. ఏదైనా సరే ఎందుకని అడగాల్సిందే. ఇక కంపెనీ సర్వీస్ సెంటర్‌లో రికార్డు తీయిస్తే 2024 జులైలోనే బండి 88 వేల కిలోమీటర్లు తిరిగి ఉంది, అంటే మీటరు కూడా వెనక్కి తిప్పారు. సెప్టెంబరులో క్రేన్ మీద తెచ్చారు, ఎస్టిమేట్ చూసి రిపేరు వద్దని తీసుకెళ్లిపోయారు.

లోపం ఉన్న బండి అసలే కొనవద్దని నేననను. క్లచ్ ప్లేట్లు, టైర్లు, బ్యాటరీ, సస్పెన్షన్ లాంటివైతే ఖర్చు ముందే తెలుస్తుంది, అంత తగ్గించి అడగొచ్చు. కరెంటు గోల ఉన్నదీ, నీళ్లు తగిలినదీ, ఆయిల్ మూత లోపల కాఫీ రంగు జిగురు కనిపించినదీ ఎంత తగ్గించినా వద్దు. వాటికి ఇంత అవుతుందని ఏ మెకానిక్కూ ముందే చెప్పలేడు. నాకు మొదట 60 వేలన్నారు, ఇప్పుడు 1.45 లక్షల దగ్గరుంది.

డీలరు ఫోనెత్తడం మానేశాడు. ‘ఉన్నది ఉన్నట్టుగా తీసుకున్నాను’ అని నేను సంతకం పెట్టిన కాగితం ఫొటో మాత్రం పంపాడు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తున్నాను. చెల్లించింది 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. గడువు రెండేళ్లు. మా లాయరుగారు ఆ కాగితాన్నే చూసి కాస్త ధైర్యం చెప్పారు. అందులో మీటరు రీడింగ్ 61 వేలని వాళ్ల చేత్తో రాసి, పక్కన స్టాంపు కూడా వేశారు.